కాలికి కాసిన పిందె

వేసవి వచ్చిందంటే మా నూజివీడు వైపు ఏ యింట్లో చూసినా ఒకటే వరస. మంచాల కింద ఎండుగడ్డి పరిచి మాగేసిన మామిడికాయలు, పెరట్లో బకెట్టు నీళ్ళలో మునకలేస్తున్న చిన్నరసాలు, ఇంటినిండా ఆ వాసనా, దాని వెనకే ఈగలూను. బంగినపల్లి అయితే ముక్కలు కోసి, పళ్ళెంలో పెట్టుకుని, మర్యాదగా తినొచ్చు. రసం పండుతో అలా కుదరదు. నేలమీద కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలి. చీర కుచ్చెళ్ళు చీలమండల పైకి ఎగదోసుకోవాలి. రసం మోచేతి దాకా కారినా సిగ్గుపడకూడదు.

పోయిన వేసవిలో అలా కూర్చున్నప్పుడే, వసారాలో వరసగా జాపిన కాళ్ళమీద నా చూపు పడింది. అమ్మవీ, పిన్నివీ, నావీ, మా అక్క కూతురివీ. నాలుగు జతల పాదాలు. మనుషుల్ని మొహాలు చూసి పోల్చుకుంటాం గానీ, కాళ్ళు చూసి ఎవరు పోల్చుకుంటారు? ఆ రోజు మాత్రం చూస్తూ వుండిపోయాను.

అమ్మ కాలి బొటనవేలు పక్కవేలికి ఏదో రహస్యం చెప్తున్నట్టు దానిమీదికి ఒరిగిపోయి వుంది. ఆ వేలి మొదట్లో, పాదం లోపలి అంచున, మామిడిపిందె కాసినట్టు ఎముక పొడుచుకొచ్చింది. పిన్ని పాదానికీ అదే పిందె, కాస్త చిన్నది. నా కుడికాలు చూసుకున్నాను. పూత దశ దాటిపోయింది!

"ఏమిటే అలా చూస్తావు?" అంటూ అమ్మ చీర అంచు లాగి పాదాలు కప్పేసుకుంది. ఆ అంచుమీద కూడా జరీ మామిడిపిందెలే.

"నొప్పి వుందా అమ్మా?"

"వయసు మీద పడ్డాక నొప్పి లేకుండా ఎలా వుంటుందే? పండు తిను, చీమలు పడతాయి."

ఇరవై ఏళ్ళుగా అమ్మ పెళ్ళిళ్ళకి కూడా పాత హవాయి చెప్పులతోనే ఎందుకొస్తుందో నాకు ఆ పూట అర్థమైంది. పొదుపు అనుకున్నాం. పీనాసితనం అని నవ్వుకున్నాం కూడా. మరే చెప్పూ ఆవిడ కాలికి పట్టదన్న మాట మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

అమ్మ డాక్టరు దగ్గరికి రానంటే రానంది. చివరికి పిన్నిని బయల్దేరదీశాను. ఎముకల డాక్టరుగారు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "బనియన్" అన్నారు. పిన్ని నా చెవిలో, "మీ బాబాయి బనియన్ సంగతి ఈయనకెందుకే?" అంది. ఆయన వినేశారు. నవ్వి, కాగితంమీద బొమ్మ వేసి చూపించారు. నేనూ ఆ రోజే తెలుసుకున్నాను: ఇది ఆనెకాయ కాదు. ఆనెకాయ అంటే ఒరిపిడికి చర్మం గట్టిపడడం. ఇది ఎముకల సంగతి.

మన ఒక్కో పాదంలో 26 ఎముకలున్నాయి. బొటనవేలి వెనక, పాదంలోకి వెళ్ళే పొడుగాటి ఎముక ఒకటుంది. అది మెల్లమెల్లగా రెండో కాలి వైపుకి జరుగుతుంది. బొటనవేలేమో మిగతా వేళ్ళ వైపుకి ఒరుగుతుంది. రెండూ కలిసే కీలు దగ్గర మోచెయ్యి వంచినట్టు కోణం ఏర్పడుతుంది. మనకు బయటికి కనిపించే పిందె చాలావరకు ఆ కీలు మొనే తప్ప, కొత్తగా మొలిచిన ఎముక కాదు. చెప్పు రాసుకుని రాసుకుని దానిమీద ఎర్రగా వాపు వస్తుంది. ఎక్స్‌రేలో ఆ వంపు 15 డిగ్రీలు దాటితే జబ్బు కిందే లెక్క. ఒకసారి వేలు ఒరిగాక, దాన్ని నిలబెట్టాల్సిన కండరాల తాళ్ళే వింటినారిలా బిగిసి ఇంకా పక్కకి లాగుతాయి. అందుకే ఇది దానంతట అది పెరుగుతుందే గానీ, దానంతట అది తగ్గదు.

ఇంటికొచ్చాక నాకు నిద్రపట్టలేదు. బి.ఏ.లో చదివిన చరిత్రంతా కిరీటాలూ, సింహాసనాలూ. ఆ కిరీటాలను మోసిన పాదాల గురించి ఒక్క ముక్క చదివిన జ్ఞాపకం లేదు. సరే, పాదాలకీ ఒక చరిత్ర వుంటుంది కదా అని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. వుండడమేమిటి, మహా చక్కగా వుంది.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి అని చదువుల వూరుంది కదా. అక్కడి పాత శ్మశానాల్లో బయటపడ్డ 177 అస్థిపంజరాల పాదాలను పరీక్షించి, 2021లో పండితులు ఒక వ్యాసం ప్రచురించారు. 11 నుంచి 13వ శతాబ్దం దాకా బతికినవాళ్ళలో ఈ బొటనవేలి వంకర నూటికి ఆరుగురికే వుంది. 14, 15 శతాబ్దాల వాళ్ళలో నూటికి 27 మందికి వుంది! ఏమిటి మధ్యలో వచ్చిన ఉపద్రవం? మొనదేలిన బూట్లు. 14వ శతాబ్దంలో ఐరోపాలో గొప్పవాళ్ళందరికీ కొనదేరిన బూట్ల పిచ్చి పట్టింది. ఆ కొన వాలిపోకుండా లోపల నాచు కుక్కేవారట. ముచ్చట మితిమీరి, 1463లో నాలుగో ఎడ్వర్డు రాజుగారు బూటు మొన వేలిని దాటి రెండు అంగుళాలకు మించి పొడుగుండకూడదని చట్టమే చేశాడు.

అన్నింటికన్నా నాకు నవ్వొచ్చిందేమిటంటే, పల్లెటూరి శ్మశానంలో నూటికి ముగ్గురికి మాత్రమే వున్న ఈ జబ్బు, సన్యాసుల మఠంలో పూడ్చినవాళ్ళలో 11 మందికి అయిదుగురికి వుంది. సర్వసంగ పరిత్యాగులే, బూట్లు తప్ప! నవ్వు రానిది ఇంకొకటుంది. బొటనవేలు వంకరపోయిన పెద్దవయసు వాళ్ళకి, పడిపోయి చేతులు విరిగిన గుర్తులు ఎక్కువగా కనిపించాయి. పాదం పట్టు తప్పితే మనిషి తూలిపోతాడు. ఇది చదవగానే, రెండేళ్ళ కిందట పెరటి గట్టుమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు అందరం గట్టుని తిట్టాం.

తెల్లవాళ్ళ సంగతి సరే, మన సంగతేమిటి? ఇప్పుడు మా నూజివీడు వున్న ఏలూరు జిల్లాలోనే, కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలున్నాయి. క్రీస్తు పుట్టకముందే బౌద్ధ భిక్షువులు కొండ తొలిచి కట్టుకున్న చోటు. ఆ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో తోలుకి, చెప్పులకి ఒక ప్రత్యేక అధ్యాయమే వుంది. సోణుడని ఒక ధనవంతుల పిల్లవాడు. పువ్వులాంటి పాదాలు. సన్యాసం తీసుకుని, పట్టుదలగా నడిచి నడిచి, నడిచినచోటంతా నెత్తుటిమయం చేశాడు. బుద్ధుడు చూసి, నువ్వు చెప్పులు తొడుక్కోవయ్యా అన్నాడు. నాకొక్కడికే వద్దు, అందరికీ అనుమతిస్తేనే తొడుక్కుంటానన్నాడు సోణుడు. అలా భిక్షువులందరికీ ఒక పొర అట్ట వున్న చెప్పులు దక్కాయి.

అక్కడితో అయిందా? కొందరు భిక్షువులు షోకులు మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో నియమం పుట్టింది: రంగురంగుల చెప్పులు కూడదు, పొట్టేలు కొమ్ములా, మేక కొమ్ములా, తేలుతోకలా మొనలు తేలిన చెప్పులు అసలే కూడదు. చూశారా? ఎడ్వర్డు రాజుకన్నా ఎన్నో శతాబ్దాల ముందే మన దగ్గర మొనదేలిన చెప్పుకి నిషేధం వుంది. ఆడంబరం వద్దనే ఆ నియమం పెట్టారు గానీ, బొటనవేలికీ అది మేలే చేసి వుంటుంది. అమరావతి శిల్పి చెక్కిన బుద్ధపాదం బొమ్మ ఎప్పుడైనా చూడండి. అయిదు వేళ్ళూ తిన్నగా, ఒకదాన్నొకటి తొక్కుకోకుండా, పక్కపక్కన హాయిగా వుంటాయి.

అంతమాత్రాన చెప్పులు లేని కాలమే బంగారు కాలమని నేననను. మామిడితోటల్లో కాయకోతలప్పుడు చూడండి. గెడకర్రకి చిక్కం కట్టి మగవాళ్ళు కోస్తుంటే, కింద ఆడవాళ్ళు గంపలకెత్తుతారు. సొన కారి ఒళ్ళు పొక్కుతుంది, కింద నేల పెనంలా కాలుతుంది. నా చిన్నప్పుడు ఆ గంపలెత్తే పాదాలకి చెప్పులుండేవి కావు. నెర్రెలిచ్చిన మడమల్లో మట్టి ఇంకిపోయి వుండేది. తడినేలలో ఒట్టికాళ్ళతో తిరిగేవాళ్ళ అరికాలి చర్మంలోంచి కొంకిపురుగు ఒంట్లోకి పాకి, రక్తం పీల్చేస్తుంది. 1920లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను వాళ్ళు మద్రాసు రాజధానిలో ఈ కొంకిపురుగు మీద ఉద్యమమే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒట్టికాలు వేళ్ళను తిన్నగా వుంచితే వుంచవచ్చు గానీ, మనిషిని పాలిపోయేలా చేసింది కూడా అదే.

పైగా, చెప్పు తొడుక్కోవడం కాలికి సంబంధించిన విషయం కాదు మన దేశంలో. తలకి సంబంధించిన విషయం. ఎవరి ముందు ఎవరు తొడుక్కోవచ్చు, ఎవరు విడవాలి అన్నదే ముఖ్యం. తోలు శుద్ధిచేసి, చెప్పులు కుట్టి వూరందరి కాళ్ళూ కాపాడిన మాదిగలే, పెద్దవీధుల్లోకి వచ్చేసరికి చెప్పులు చేతపట్టుకుని నడవాల్సి వచ్చేది. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అమ్మమ్మ చెప్పేది, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు పుట్టింటివారిచ్చిన చెప్పులు తొడుక్కుని వీధిలోకొస్తే, "కోడలు టకటకలాడుతోందే" అన్నారట. ఆ తర్వాత ఆవిడ చెప్పుల జోలికే పోలేదు.

ఆ రోజుల్లో చెప్పులు కుట్టే పెద్దాయన మా తాతయ్య కాలు నేలమీద ఆనించమని, చుట్టూ బొగ్గుతో గీత గీసుకునేవాడట. ఆ గీతని బట్టి అట్ట కోసేవాడు. వంకర కాలుంటే వంకరగానే కోసేవాడు. కాలిని బట్టి చెప్పు. ఇదేమంత గొప్ప సంగతి అనుకోకండి. ఐరోపాలో 19వ శతాబ్దం వచ్చిన తర్వాత కూడా చాలా బూట్లు కుడి ఎడమ తేడా లేకుండా ఒకే మాదిరిగా కుట్టేవారు. హాలండు వైద్యుడు పెట్రస్ కాంపర్ 1781లో, మంచి బూటు ఎలా వుండాలో చెప్తూ ఒక పుస్తకమే రాశాడు. గుర్రాల, ఎడ్ల గిట్టలమీద చూపించే శ్రద్ధ మనుషుల పాదాలమీద లేదే అని ఆయన వాపోయాడు. ఈ జబ్బులో వంకరపోయేది కీలేనని తేల్చి, దానికి శాస్త్రీయమైన పేరు పెట్టింది జర్మనీ సర్జను కార్ల్ హ్యూటర్. అది 1870ల మొదట్లో మాట.

తర్వాత బాటా కంపెనీ 1931లో మన దేశంలో అడుగుపెట్టింది. నంబర్ల ప్రకారం తయారైన చెప్పులు వూరూరా వచ్చాయి. ఇది ఒక రకంగా విముక్తి. నంబరుకి కులం లేదు, డబ్బిస్తే ఎవరైనా తొడుక్కోవచ్చు. కానీ చెప్పుని బట్టి కాలు సర్దుకోవాల్సిన రోజులూ అప్పుడే వచ్చాయి. ఆ సర్దుబాటు ఖరీదెంతో 1958లో హాంకాంగులో ఇద్దరు డాక్టర్లు లెక్కగట్టారు. బూట్లు తొడిగే 118 మందినీ, ఒట్టికాళ్ళతో తిరిగే 107 మందినీ పరీక్షిస్తే, బూట్లవాళ్ళలో నూటికి 33 మందికి, ఒట్టికాళ్ళవాళ్ళలో నూటికి ఇద్దరికి బొటనవేలి వంకర కనిపించింది. మన పక్కనున్న కర్ణాటకలో 2300 మంది పిల్లల పాదాలను చూసి, 1992లో ప్రకటించిన ఫలితాలు ఇంకో సంగతి చెప్పాయి. చెప్పులు, బూట్లు తొడిగే పిల్లల్లో చదునుపాదాలు 8.6 శాతం, తొడగని వాళ్ళలో 2.8 శాతం. అందులోనూ ముందు భాగం మూసిన బూట్లు వేసే పిల్లలకే ఎక్కువ. బడి నుంచి రాగానే పిల్లలు బూట్లు విసిరేస్తే మనం కేకలేస్తాం. పాపం, విసరనివ్వండి!

ఇక్కడిదాకా చదివి, ఆహా, నేరం చెప్పులదే అని తీర్పు రాసేద్దామనుకున్నాను. కాలేజీ రోజుల్లో నేను తొడిగిన మొనదేలిన హైహీల్సు జతల్నీ వరసగా నిలబెట్టి ముద్దాయిల్ని చేశాను. ఎత్తు మడమ ఒంటి బరువునంతా ముందుకి నెడుతుంది, ఇరుకు మొన వేళ్ళని పిండేస్తుంది. నా నేరం నేనొప్పుకుంటాను. కానీ మా అమ్మమ్మ? జన్మలో ఒట్టికాళ్ళతోనే నడిచిన అమ్మమ్మకీ ఈ పిందె వుండేది. చిన్నప్పుడు ఆవిడ కాళ్ళు పిసుకుతూ దాన్ని నొక్కి ఆడుకున్న జ్ఞాపకం నాకు స్పష్టంగా వుంది.

డాక్టరుగారినే అడిగాను. "పాదం అమరిక వంశంలో వస్తుందమ్మా. చెప్పులు దాన్ని తొందరపెడతాయి, పెంచుతాయి" అన్నారు. విత్తనం ఒకచోట, ఎరువు ఒకచోట అన్నమాట. వివిధ దేశాల లెక్కలన్నీ కూడి 2010లో ప్రకటించిన ఒక పరిశీలనలో ఆడవాళ్ళలో నూటికి 30 మందికి, మగవాళ్ళలో 13 మందికి ఈ వంకర వున్నట్టు తేలింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళలో మూడోవంతుకి పైగా వుంది. ఇంతమందికి వున్నదాన్ని ఇంత గుట్టుగా దాచుకుంటున్నామంటే, అదీ ఒక చరిత్రే.

మరి ఏం చెయ్యాలి? డాక్టరుగారు పిన్నికి చెప్పినవే మీకూ చెప్తాను.

ముందు చెప్పు మార్చాలి. ముందు భాగం వెడల్పుగా, మెత్తగా, వేళ్ళు లోపల కదిలేటట్టుండాలి. మడమ ఎత్తు తక్కువుండాలి. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి, చెప్పులు సాయంత్రంపూట కొనుక్కోవాలి. రెండు కాళ్ళూ ఒకే కొలత వుండవు, పెద్దకాలికి సరిపోయింది తీసుకోవాలి. పిందె రాసుకోకుండా మెత్తటి దిండులాంటివి, వేళ్ళ మధ్య పెట్టుకునే సిలికాను ముక్కలు దొరుకుతాయి. అవి నొప్పిని తగ్గించవచ్చు గానీ, వంగిన ఎముకను తిన్నగా చెయ్యవు. రాత్రి కట్టుకుంటే నెలరోజుల్లో వేలు సరౌతుందని ప్రకటనలు వస్తాయి, నమ్మి డబ్బు పోసుకోకండి. రెండోవేలి మెట్టె ఒరిగిన బొటనవేలికి గుచ్చుకుంటుంటే, కొన్నాళ్ళు తీసి పక్కన పెట్టడానికి భయపడకండి. మెట్టె తీసినంతమాత్రాన మొగుడికి జలుబు కూడా చెయ్యదు.

రాత్రికి రాత్రే అదే కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టుంటే, అది బనియన్ కాకపోవచ్చు. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌటు కావచ్చు. దాని వైద్యం వేరు. చక్కెర జబ్బున్నవాళ్ళు బ్లేడుతో గీసుకోవడం, కాగే నీళ్ళలో కాళ్ళు పెట్టడం అస్సలు చెయ్యకూడదు. స్పర్శ తెలియని కాలికి చిన్న పుండే పెద్ద ఆపద.

చెప్పులు మార్చినా నొప్పి తగ్గక, నడకే కష్టమైతే ఆపరేషను వుంది. దీనికి నూటికి పైగా పద్ధతులు పుస్తకాలకెక్కాయి. ఇన్ని వున్నాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపడదనే అర్థం. ఎక్కువ పద్ధతుల్లో ఎముకను కోసి, తిన్నగా జరిపి, చిన్న మరతో బిగిస్తారు. ఆరువారాలపాటు ప్రత్యేకమైన చెప్పుతో జాగ్రత్తగా వుండాలి, వాపు పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, కొందరికి మళ్ళీ రావచ్చు కూడా. నొప్పికోసం చేయించుకోవాలి తప్ప, అందంకోసం కాదన్నారు డాక్టరుగారు. పిన్నికి ఆ అవసరం రాలేదు. వెడల్పాటి చెప్పులతో ఇప్పుడు రోజూ గుడిదాకా నడిచి వస్తోంది.

అసలు సంగతి ఇంకా వుంది. మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. రిసెప్షనుకని కొనుక్కున్న చెప్పుల జత తెచ్చి చూపించింది. బంగారు రంగు, నాలుగు వేళ్ళ ఎత్తు మడమ, ముందు మొన సూదిలాగుంది. సాక్షాత్తూ తేలుతోకే! నేనేమీ అనలేదు. వద్దంటే మొండికేసే వయసు, నాకు తెలియదా? పాత వార్తాపత్రిక ఒకటి నేలమీద పరిచి, దానిమీద నిలబడమన్నాను. దాని కనుబొమల పెన్సిలే తీసుకుని పాదం చుట్టూ గీత గీశాను. తాతయ్య కాలికి ఆ పెద్దాయన గీసినట్టుగానే. "ఇప్పుడు నీ చెప్పు దానిమీద పెట్టవే" అన్నాను.

పెట్టింది. బొటనవేలు సగం, చిటికెనవేలు మొత్తం గీతలోనే వుండిపోయాయి, చెప్పు వాటిని లోపలికి రానివ్వలేదు. పిల్ల కాసేపు మాట్లాడలేదు. "అయితే ఇవి తొడుక్కుంటే ఈ వేళ్ళెక్కడికి పోతాయి పిన్నీ?" అంది.

నేను జవాబు చెప్పేలోపలే అమ్మ లేచి వచ్చింది. చీర అంచు కాస్త పైకెత్తి, మా అందరి ముందూ, తన పాదం కాగితంమీద పెట్టింది.

"నాదీ గియ్యవే. నాకూ ఒక జత కుట్టిద్దురుగాని" అంది.

గీశాను. పిందె దగ్గరికొచ్చేసరికి పెన్సిలు చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. అమ్మ వంగి చూసుకుని, "అచ్చం రసం పండులా వుందే" అని నవ్వింది.